సంతాన సాఫల్య కేంద్రాల విజయ శాతం: హారంలో ఎవరున్నారు?

సంతాన సాఫల్య కేంద్రం ప్రకటనలో "70 శాతం విజయం" అని కనిపించినప్పుడు ఆ అంకె అబద్ధమే అయి ఉండనక్కరలేదు. లెక్క సరిగ్గానే వేసి ఉండవచ్చు, రికార్డులూ సక్రమంగానే ఉండవచ్చు. అయినా ఆ అంకెను నమ్మి చికిత్సకు వెళ్లే దంపతులకు బిడ్డ పుట్టే అవకాశం 70 శాతం కాకపోవచ్చు, అందులో సగం కూడా ఉండకపోవచ్చు. శాతం అంటే ఒక భిన్నం. లవంలో దేన్ని విజయంగా లెక్కించారో, హారంలో ఎవరిని చేర్చి ఎవరిని వదిలేశారో చెప్పనంత వరకు ఆ భిన్నానికి అర్థం ఉండదు. పైగా ఇది గణాంకాల నిపుణులు తేల్చుకోవాల్సిన చిన్న విషయం కూడా కాదు. ఏ అంకెతో కేంద్రాన్ని కొలుస్తారో ఆ అంకెను పెంచే దిశగా చికిత్సే మారిపోతుందని గత 30 ఏళ్ల అనుభవం చెబుతోంది.

ఐవీఎఫ్, అంటే అండాన్ని శరీరం బయట ఫలదీకరించి పిండాన్ని గర్భాశయంలో పెట్టే చికిత్స, ద్వారా ప్రపంచంలో తొలిసారిగా 1978 జులైలో ఇంగ్లండ్‌లో పుట్టిన లూయీ బ్రౌన్ విషయంలో ఈ చిక్కు లేదు. ఆ ప్రయత్నంలో అండాశయాలను మందులతో ప్రేరేపించలేదు. సహజ ఋతుచక్రంలో వచ్చిన ఒకే అండం, దానితో ఏర్పడిన ఒకే పిండం, ఒకే ప్రవేశపెట్టడం. ఇప్పటి ఐవీఎఫ్ అలా లేదు. సుమారు 10 రోజుల పాటు హార్మోన్ ఇంజక్షన్లు ఇచ్చి అనేక అండాలను ఎదిగిస్తారు, వాటిని సేకరిస్తారు, ప్రయోగశాలలో ఫలదీకరణ జరిపి ఐదారు రోజులు పెంచుతారు, ఆ తర్వాత ఒక పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టి మిగిలినవాటిని ఘనీభవింపజేసి దాస్తారు. కొన్నిసార్లు అన్నింటినీ దాచేసి, కొన్ని నెలల తర్వాత ఒక్కొక్కటిగా వాడతారు. ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా కొందరు ఆగిపోతారు. హారాన్ని ఏ మలుపు దగ్గర నిర్ణయిస్తే, దానికి ముందు ఆగిపోయినవారంతా లెక్కలోంచి జారిపోతారు.

ఒక ఊహాత్మక కేంద్రాన్ని తీసుకుని చూస్తే సంగతి స్పష్టమవుతుంది. అక్కడ ఒక ఏడాదిలో 100 మంది స్త్రీలు ఒక్కో సైకిల్, అంటే ఇంజక్షన్లతో మొదలయ్యే ఒక విడత చికిత్స, చొప్పున మొదలుపెట్టారనుకుందాం. మందులకు అండాశయాలు సరిగా స్పందించక 10 మందికి సైకిల్ మధ్యలోనే రద్దయింది. మిగిలిన 90 మందికి అండ సేకరణ జరిగింది. వారిలో 8 మందికి వాడదగ్గ పిండం ఒక్కటీ ఏర్పడలేదు. మరో 12 మందికి వైద్య కారణాల వల్ల పిండాలన్నింటినీ ఘనీభవింపజేశారు. అంటే తాజా పిండాన్ని 70 మందికి మాత్రమే ప్రవేశపెట్టారు. రెండు వారాల తర్వాత గర్భం నిలిచిందో లేదో తెలుసుకోవడానికి చేసిన బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష 35 మందికి పాజిటివ్ వచ్చింది. స్కాన్‌లో పిండం గుండె కొట్టుకోవడం 28 మందిలో కనిపించింది. చివరికి 24 మందికి సజీవంగా బిడ్డ పుట్టింది. ఇప్పుడు ఈ కేంద్రం విజయ శాతం ఎంత? పాజిటివ్ వచ్చిన 35 మందిని 70తో భాగిస్తే 50 శాతం. స్కాన్‌తో నిర్ధారణ అయిన గర్భాలను లెక్కిస్తే 40 శాతం. సజీవ జననాలను లెక్కిస్తే 34 శాతం. అండ సేకరణ జరిగిన 90 మందిని హారంలో పెడితే సుమారు 27 శాతం. చికిత్స మొదలుపెట్టిన 100 మందినీ పెడితే 24 శాతం. ఏ అంకెలోనూ అబద్ధం లేదు. కాని మొదటి అంకె చివరి అంకెకు రెట్టింపు కన్నా ఎక్కువ, ప్రకటనల్లోకి ఎక్కడానికి అన్నిటికన్నా అవకాశం ఉన్నదీ అదే.

లవం విషయంలో కేంద్రాల వాదనకు కొంత న్యాయం లేకపోలేదు. రక్త పరీక్ష ఫలితం రెండు వారాల్లో తెలుస్తుంది, కాన్పు వివరం కోసం తొమ్మిది నెలలు ఆగాలి. గర్భం నిలిచాక చాలామంది కాన్పు కోసం మరో ఆసుపత్రికి వెళ్లిపోతారు కాబట్టి ఆ సమాచారాన్ని రాబట్టడం కూడా సులువు కాదు. అయితే పాజిటివ్ వచ్చిన గర్భాల్లో కొన్ని స్కాన్‌లో కనిపించే దశకు రాకముందే కరిగిపోతాయి, మరికొన్ని గర్భస్రావంతో ముగుస్తాయి, తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ నష్టం బాగా పెరుగుతుంది. అందుకే పెద్ద వయసువారికి "గర్భధారణ శాతం" చెప్పడానికీ "సజీవ జనన శాతం" చెప్పడానికీ మధ్య ఉన్న ఎడం చిన్న వయసువారిలో కన్నా చాలా ఎక్కువ. అసలు ఆశ పెట్టుకోవచ్చో లేదో తేల్చుకోవలసిన వారికే అంకె అందరికన్నా ఎక్కువగా పెరిగి కనిపిస్తుందన్నమాట.

హారం దగ్గరికి మళ్లీ వస్తే, పైన ఘనీభవింపజేసిన 12 మంది పిండాలు ఏమయ్యాయన్న ప్రశ్న మిగిలే ఉంది. వాటితోపాటు మిగిలినవారు దాచుకున్న అదనపు పిండాలను కూడా ఒక్కొక్కటిగా వాడగా మరో 9 మందికి మొదటి బిడ్డ పుట్టిందనుకుంటే, మొదలుపెట్టిన 100 మందిలో 33 మందికి ఆ ఒక్క అండ సేకరణ ద్వారానే బిడ్డ దక్కినట్టు. దీనిని సంచిత సజీవ జనన శాతం అంటారు. దంపతులు నిజంగా అడిగే ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న జవాబు ఇదే. అమెరికాలో ఐవీఎఫ్ కేంద్రాల సంఘమైన సార్ట్ కూడా తన నివేదికలను ఈ పద్ధతికి మార్చుకుంది. ఒక అండ సేకరణతో వచ్చిన తాజా, ఘనీభవించిన పిండాలన్నింటి ఫలితాన్నీ ఆ సేకరణ ఖాతాలోనే వేస్తుంది. దీనికీ ఒక లోపం ఉంది. పిండాలన్నీ వాడేసరికి ఏళ్లు పట్టవచ్చు కాబట్టి ఎంత గడువులోపు పుట్టిన బిడ్డలను లెక్కించారో చెప్పాలి. అనేక సైకిళ్లను కలిపి "మూడు ప్రయత్నాల్లో ఇంత శాతం" అని చెప్పేటప్పుడు ఇంకో ఉచ్చు కూడా ఎదురవుతుంది. మొదటి సైకిల్ విఫలమై మానేసినవారు కొనసాగి ఉంటే వారికీ మిగిలినవారికి వచ్చినట్టే ఫలితం వచ్చేదని ఊహించి లెక్క వేస్తే అంకె పెరుగుతుంది. కాని మానేసేవారిలో చాలామంది, అవకాశం తక్కువని వైద్యులు చెప్పడం వల్లనే మానేస్తారు.

హారంలో ఎంతమంది ఉన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎలాంటివారు ఉన్నారన్నదీ అంతే ముఖ్యం. సొంత అండాలతో చేసే ఐవీఎఫ్ ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది స్త్రీ వయసు. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ఫలితాలను 35 ఏళ్ల లోపు, 35 నుంచి 37, 38 నుంచి 40, 40 పైన అంటూ విడివిడిగా చూపుతుంది. దాత అండాలతో చేసే చికిత్సలో విజయం దాత వయసును బట్టి ఉంటుంది, గ్రహీత వయసు ప్రభావం తక్కువ. కాబట్టి దాత అండాల సైకిళ్లను సొంత అండాల సైకిళ్లతో కలిపేసి ఒకే శాతం చెప్పే కేంద్రం ఎంత ఎక్కువ మందిని దాత అండాలవైపు మళ్లిస్తే దాని అంకె అంత బాగుంటుంది. అదే విధంగా అండాశయాల్లో మిగిలిన అండాల నిల్వను సూచించే ఏఎమ్‌హెచ్ హార్మోన్ బాగా తక్కువ ఉన్నవారిని, పలుమార్లు విఫలమై వచ్చినవారిని సున్నితంగా తిప్పి పంపేసే కేంద్రం, వారిని చేర్చుకుని శ్రమపడే కేంద్రం కన్నా పట్టికలో పైన ఉంటుంది. నైపుణ్యం ఎవరిదో ఆ పట్టిక చెప్పలేదు. కేంద్రాల మధ్య పోలికకు ఈ శాతాలను వాడవద్దని సార్ట్ తన నివేదికల్లోనే హెచ్చరించడానికి కారణమిదే. అయినా ఆ అంకెలు బయటికి వచ్చిన మరుక్షణం నుంచి పోలికే జరుగుతోంది.

అంకె చికిత్సను ఎలా వంచుతుందో అన్నిటికన్నా బాగా చూపిన ఉదాహరణ కవలల సమస్య. పిండ ప్రవేశాన్ని హారంగా పెట్టుకుంటే, ఒకేసారి రెండు మూడు పిండాలను ప్రవేశపెట్టిన కేంద్రానికి లాభం. వాటిలో ఒక్కటి నిలిచినా విజయం కిందే లెక్క. నష్టం తల్లీబిడ్డలకు. బహుళ గర్భాల్లో నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండటం, తల్లికి రక్తపోటు సమస్యలు రావడం ఎక్కువ. బ్రిటన్‌లో 1990లలో ఐవీఎఫ్ కాన్పుల్లో బహుళ జననాలు 28 శాతం వరకు వెళ్లాయి. అక్కడి నియంత్రణ సంస్థ హెచ్‌ఎఫ్‌ఈఏ ఆ శాతాన్ని 10కి దించాలని లక్ష్యం విధించి, ఒకసారికి ఒకే పిండం అన్న విధానాన్ని ప్రోత్సహించాక 2019 నాటికి అది 6 శాతానికి తగ్గింది. బెల్జియం 2003లో ఇంకో దారి పట్టింది. ఆరు సైకిళ్ల దాకా ప్రయోగశాల ఖర్చును ప్రజాబీమా భరిస్తుంది, బదులుగా ప్రవేశపెట్టే పిండాల సంఖ్యకు వయసును బట్టి పరిమితి ఉంటుంది. ఒక్క ప్రయత్నంలోనే తేల్చుకోవాలన్న ఆర్థిక ఒత్తిడి తగ్గడంతో కవలలు తగ్గారు. హెచ్‌ఎఫ్‌ఈఏ తన ప్రధాన కొలమానాన్ని కూడా మార్చి, ప్రవేశపెట్టిన ఒక్కో పిండానికి ఎన్ని జననాలన్నది చూపడం మొదలుపెట్టింది. రెండు పిండాలు పెట్టి ఒక బిడ్డను సాధిస్తే ఆ లెక్కలో సగమే వస్తుంది. 2004లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకా ముందుకు వెళ్లి, మొదలుపెట్టిన సైకిల్‌కు నెలలు నిండి పుట్టిన ఒకే బిడ్డను మాత్రమే విజయంగా లెక్కించాలని ప్రతిపాదించారు. కవలలు కావాలని కోరుకునే దంపతులకు ఇది రుచించకపోవచ్చు, కాని వైద్య నాణ్యతను కొలిచే కొలబద్దగా దీనికి సాటి వచ్చేది కనబడదు.

ఇదే తర్కం పిండాల జన్యు పరీక్షకూ వర్తిస్తుంది. పీజీటీ–ఏ పేరుతో క్రోమోజోముల సంఖ్య సరిగా ఉన్న పిండాలను ఎంచి, వాటినే ప్రవేశపెట్టడం ఇప్పుడు చాలా చోట్ల మామూలైపోయింది. ప్రవేశపెట్టిన పిండాన్ని హారంగా తీసుకుంటే దీని ఫలితం ఆకట్టుకునేలా ఉంటుంది, ఎందుకంటే పరీక్షలో తప్పిన పిండాలు, ఒక్క పిండమూ నెగ్గని స్త్రీలు లెక్కలోకే రారు. 2021లో వెలువడిన చైనా అధ్యయనం ఈ చిత్రాన్ని తిరగేసింది. కనీసం మూడు మంచి బ్లాస్టోసిస్టులు, అంటే ఐదారు రోజులు ఎదిగిన పిండాలు, ఏర్పడిన, 20 నుంచి 37 ఏళ్ల వయసున్న 1,212 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీసి చూస్తే, సంచిత సజీవ జనన శాతం పరీక్ష చేయించిన జట్టులో 77.2, చేయించని జట్టులో 81.8. గర్భస్రావాలు మాత్రం పరీక్ష చేసిన జట్టులో కొంత తక్కువ. ఆ స్త్రీలందరూ మంచి అవకాశాలున్నవారే కాబట్టి ఈ ఫలితాన్ని అందరికీ అన్వయించలేం. కాని "పరీక్ష చేస్తే విజయం పెరుగుతుంది" అన్న ప్రచారం ఏ హారం మీద నిలబడిందో ఈ ఒక్క అధ్యయనమే బయటపెట్టింది.

చిన్న కేంద్రాల అంకెల విషయంలో మరో జాగ్రత్త అవసరం. 50 సైకిళ్లలో 20 సఫలమైతే 40 శాతం. కాని అంత చిన్న సంఖ్యలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుంటే అసలు శాతం సుమారు 28 నుంచి 54 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 500 సైకిళ్లలో 200 సఫలమైతే అదే 40 శాతానికి అంచనా 36 నుంచి 44కు కుదించుకుంటుంది. ఒక ఏడాది 35 శాతం, మరుసటి ఏడాది 45 శాతం వచ్చిందని చిన్న కేంద్రం సంబరపడితే అందులో నైపుణ్యం ఎంతో, అదృష్టం ఎంతో చెప్పడం సాధ్యం కాదు.

ఇంతకీ నాణ్యత అనేది అంతిమ ఫలితంలో కన్నా ముందుగా ప్రయోగశాలలో కనబడుతుంది. పిండం ఐదారు రోజులు గడిపేది ఇంక్యుబేటర్‌లో. అక్కడ 37 డిగ్రీల ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. పిండం పెరిగే ద్రవం, అంటే మాధ్యమం, ఆమ్లత సరైన పరిధిలో ఉండేలా కార్బన్ డయాక్సైడ్‌ను సర్దాలి. ఆక్సిజన్‌ను గాలిలో ఉండే 20 శాతం దగ్గర కాక 5 శాతం దగ్గర ఉంచడం మేలని తేలింది. కొత్తగా వేసిన పెయింటు నుంచి, అత్తరు నుంచి, నేల తుడిచే ద్రవాల నుంచి వెలువడే ఆవిర్లు కూడా పిండాలకు హాని చేస్తాయి కాబట్టి గాలిని ప్రత్యేకంగా వడకడతారు. ఇంక్యుబేటర్ తెర మీద కనిపించే అంకెను నమ్మి ఊరుకోకుండా, క్రమాంకనం చేసిన వేరే థర్మామీటర్‌తో ప్రతిరోజూ సరిచూసి పుస్తకంలో రాసే ప్రయోగశాలకూ, తెరను చూసి ముందుకు సాగిపోయే ప్రయోగశాలకూ మధ్య తేడా ఏ ప్రకటనలోనూ కనబడదు.

ఈ తేడాను కొలవడానికి ఐరోపా సంతాన వైద్య సంఘం ఎష్రే, ఆల్ఫా అనే ఎంబ్రియాలజిస్టుల (ప్రయోగశాలలో పిండాలను పెంచే నిపుణుల) సంస్థ కలిసి 2017లో వియన్నా ఏకాభిప్రాయ పత్రాన్ని ప్రచురించాయి. అందులో 19 సూచికలున్నాయి, ఎక్కువ వాటికి కనీస సామర్థ్య స్థాయి ఒకటి, అందుకోవాల్సిన ఉన్నత స్థాయి ఒకటి ఇచ్చారు. ఇక్సీ పద్ధతిలో, అంటే ఒక్కో శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతిలో, సవ్యంగా ఫలదీకరణ చెందిన అండాలు కనీసం 65 శాతం ఉండాలి, 80 శాతం ఉంటే ఉత్తమం. సూది వల్ల దెబ్బతినే అండాలు 10 శాతం మించకూడదు. ఘనీభవింపజేసిన బ్లాస్టోసిస్టులను కరిగించినప్పుడు కనీసం 90 శాతం బతకాలి. గమనించాల్సిన విషయం ఏమిటంటే ఈ పత్రం కూడా హారాన్ని ముందే బిగించింది. 40 ఏళ్ల లోపు స్త్రీలు, సొంత తాజా అండాలు, జన్యు పరీక్ష లేని సైకిళ్లు మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి. రోగుల మిశ్రమం మారినంత మాత్రాన సూచిక ఊగిసలాడకూడదన్నది ఉద్దేశం. ఈ సూచికల అసలు విలువ వేగంలో ఉంది. అండాన్నీ శుక్రకణాన్నీ కలిపిన 16 నుంచి 18 గంటల తర్వాత ఎంబ్రియాలజిస్ట్ సూక్ష్మదర్శినిలో చూసి, రెండు ప్రోన్యూక్లియస్‌లు (అండం నుంచి ఒకటి, శుక్రకణం నుంచి ఒకటిగా వచ్చే కేంద్రకాలు) ఏర్పడ్డాయో లేదో నమోదు చేస్తారు. కొత్తగా వచ్చిన మాధ్యమం బ్యాచ్‌లో దోషమున్నా, కొత్తగా చేరిన ఉద్యోగి చేయి ఇంకా కుదురుకోకపోయినా, ఈ అంకె కొద్ది వారాల్లోనే పడిపోయి హెచ్చరిస్తుంది. సజీవ జనన శాతం అదే సంగతిని ఏడాది తర్వాత చెబుతుంది, అప్పటికి ఎన్నో సైకిళ్లు వృథా అయి ఉంటాయి.

కొన్ని వైఫల్యాలు ఏ విజయ శాతంలోనూ కనిపించవు. 2018 మార్చిలో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఒక ఆసుపత్రి నిల్వ ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి 4,000కు పైగా అండాలు, పిండాలు పాడయ్యాయి, సుమారు 950 మంది రోగులు నష్టపోయారు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద ఉండాల్సిన ఆ నిల్వను రాత్రివేళ కనిపెట్టి ఉండాల్సిన రిమోట్ అలారం ఆపి ఉందని తర్వాత తేలింది. ఇలా పోయిన పిండాలు ఎవరి గర్భంలోనూ ప్రవేశించలేదు కాబట్టి పిండ ప్రవేశాన్ని హారంగా పెట్టుకున్న పట్టికలో వాటి జాడే ఉండదు. ఒకరి పిండం మరొకరికి వెళ్లడం లాంటి తప్పిదం ఇంకా విచిత్రం. అక్కడ గర్భం నిలిస్తే లెక్కలో అది విజయమే. దీన్ని అడ్డుకునేది అంకెలు కావు, ప్రతి దశలోనూ ఇద్దరు చూసి సంతకం చేసే పద్ధతి, లేదా డిష్‌లకు రేడియో ట్యాగులు అతికించి పొరపాటు జరగబోతే యంత్రమే ఆపేసే ఏర్పాటు. ప్రయోగశాలకు వైద్య ప్రయోగశాలల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్‌ఓ 15189 లాంటి గుర్తింపు ఉందా, ఉంటే ఆ గుర్తింపు ఎంబ్రియాలజీ విభాగానికి కూడా వర్తిస్తుందా అన్నది ఇక్కడ అడగదగ్గ ప్రశ్న. రక్త పరీక్షల ల్యాబ్‌కు వచ్చిన ధ్రువపత్రాన్ని రిసెప్షన్‌లో ఫ్రేమ్ కట్టి పెట్టినంత మాత్రాన పిండాల గది ప్రమాణాలకు హామీ దొరకదు.

చట్టాల విషయానికి వస్తే, అమెరికా 1992లో ప్రత్యేక చట్టం చేసి, కేంద్రాలన్నీ ఏటా ఫలితాలను సీడీసీకి ఇవ్వాలని నిర్దేశించింది. మొదలుపెట్టిన అండాశయ ప్రేరణకు ఎన్ని సజీవ జననాలు, అండ సేకరణకు ఎన్ని అన్న రెండు హారాలనూ ఆ చట్టమే పేర్కొనడం విశేషం. 1995 సంవత్సరపు వివరాలతో తొలి నివేదిక 1997లో వచ్చింది. అయితే సమాచారం ఇవ్వని కేంద్రానికి పడే శిక్ష, ఇవ్వలేదని పేరు ప్రకటించడం మాత్రమే. బ్రిటన్‌లో 1990 నాటి చట్టంతో ఏర్పడిన హెచ్‌ఎఫ్‌ఈఏ లైసెన్సు ఇస్తుంది, తనిఖీలు చేస్తుంది, ప్రతి చికిత్సనూ నమోదు చేయిస్తుంది. తీవ్రమైన లోపం ఉంటే లైసెన్సు ఆపగలదు. భారత్‌లో 2021 నాటి చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చి కేంద్రాల నమోదును, జాతీయ రిజిస్ట్రీని తప్పనిసరి చేసింది. ఇక్కడ నమోదు వేరు, ఫలితాల పరిశీలన వేరు అన్నది మరవకూడదు. కేంద్రాలు తామే రాసి పంపిన అంకెలను ఎవరూ వెళ్లి కేసు షీట్లతో సరిచూడకపోతే రిజిస్ట్రీ ఎంత పెద్దదైనా అది స్వీయ ప్రకటనల సంకలనమే. సీడీసీ ఏళ్ల తరబడి కొన్ని కేంద్రాలను ఎంచి అలా సరిచూస్తూ వచ్చింది. ఇంకో ముఖ్యమైన కట్టుబాటు, సైకిల్ మొదలైన కొద్ది రోజుల్లోనే దాన్ని నమోదు చేయాలనడం. ఫలితం తెలిశాక నమోదు చేసే వెసులుబాటు ఉంటే విఫలమైన సైకిళ్లు ఎక్కడో తప్పిపోతాయి.

ఎంత పకడ్బందీగా నడిపినా ఈ నివేదికలకు ఒక పరిమితి తప్పదు. డిసెంబరులో నిలిచిన గర్భం మరుసటి సెప్టెంబరులో కాన్పవుతుంది, ఆ తర్వాత సరిచూసి ప్రచురించేసరికి ఏడాదికి పైగా గడిచిపోతుంది. సంచిత శాతానికైతే ఇంకా ఆలస్యం. అంటే ఇవాళ చదువుతున్న అంకె రెండు మూడేళ్ల కిందటి ప్రయోగశాలది. ఆ మధ్యలో ప్రధాన ఎంబ్రియాలజిస్ట్ మారిపోయి ఉండవచ్చు, కేంద్రం చేతులు మారి ఉండవచ్చు. ఆ ఖాళీని పూరించగలిగినవి ఫలదీకరణ శాతం, బ్లాస్టోసిస్ట్ ఏర్పడే శాతం లాంటి నెలవారీ సూచికలే, కాని వాటిని సాధారణంగా కేంద్రాలు లోపలి సమీక్షలకే పరిమితం చేస్తాయి. చికిత్సకు ముందు మాట్లాడేటప్పుడు వాటిని అడగడానికి అడ్డేమీ లేదు. "మా వయసువారు గత ఏడాది మీ దగ్గర ఎంతమంది సైకిల్ మొదలుపెట్టారు, వారిలో ఎంతమందికి ఒక్క బిడ్డగా, నెలలు నిండి కాన్పయింది, గత మూడు నెలల్లో మీ ప్రయోగశాల ఫలదీకరణ శాతం ఎంత" అని అడిగినప్పుడు, అంకెలు చేతిలో ఉన్న కేంద్రానికి జవాబు చెప్పడానికి కొద్ది నిమిషాలు చాలు.